అప్‌డేట్: హాంకాంగ్ ఆందోళనల మధ్య ఎయిర్‌పోర్టుకు ఎలా చేరామంటే

2019 నవంబర్‌లో, హాంకాంగ్‌లో కౌలూన్ వైపు మేముండే హంగ్ హోమ్ నుంచి అమ్మానాన్నలను రాత్రి విమానానికి ఎలా తీసుకెళ్లాలని అడిగాను కదా. వాళ్లు హైదరాబాద్ చేరిపోయారు. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఎంటీఆర్ (అక్కడి మెట్రో రైలు) తొందరగా మూసేస్తున్నారు, మధ్యాహ్నమే బయలుదేరండి అన్న సలహా పనిచేసింది. కౌలూన్ స్టేషన్‌లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కాం. ఆ సెప్టెంబర్‌లో ఒకసారి అది మధ్యలో, కౌలూన్‌లో కూడా, ఆగకుండా హాంకాంగ్ స్టేషన్ నుంచే నడిచింది, కాబట్టి ముందు ఎంటీఆర్ యాప్ చూసుకోండి.

అప్పట్లో టెర్మినల్ తలుపు దగ్గరే పాస్‌పోర్టు, టికెట్ చూసేవారు. సాగనంపేవాళ్లను రానివ్వలేదు, బయటే వీడ్కోలు చెప్పాను. అమ్మకు అదొక్కటే నచ్చలేదు. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే టికెట్ ప్రింట్ చేతికివ్వండి.

కౌలూన్‌ను హాంకాంగ్ ద్వీపంతో కలిపే క్రాస్ హార్బర్ టన్నెల్ (సముద్రం కింది సొరంగ మార్గం) మూసేశారని పడ్డ టెన్షన్ అనవసరం. మేముండేది కౌలూన్ వైపే, దాటాల్సిన పనే లేదు. నల్ల బట్టల (ఆందోళనకారులు వేసుకునేవి) గొడవ కూడా మాకు ఎదురుకాలేదు.