శాలువా ఎవరికి కప్పాలి: కార్పొరేటర్‌కా, మా వీధి ఊడ్చే అమ్మకా?

కాలనీ కార్యదర్శి
అందరికీ నమస్కారం. వచ్చే నెలతో మా కాలనీ సంక్షేమ సంఘానికి పాతికేళ్లు నిండుతున్నాయి. కంచరపాలెం వైపు, కొండ దిగువన మూడు వీధులు, నూట నలభై ఇళ్లు. సన్మానాలకని పద్దెనిమిది వేలు పక్కన పెట్టాం. మొన్న మీటింగులో గొడవంతా దాని మీదే. సగం మంది ఆనవాయితీ ప్రకారం ఎమ్మెల్యేని, కార్పొరేటర్‌ని పిలిచి శాలువా, గజమాల, మెమెంటో అంటున్నారు. మిగతా సగం ఈసారి నాయకులు వద్దు, పదిహేడేళ్లుగా మా వీధులు ఊడుస్తున్న అమ్మకి, నీళ్లు వదిలే ఆయనకి, లైన్‌మన్‌కి, ఆశా కార్యకర్తకి చేద్దాం అంటున్నారు. చేతులెత్తిస్తే ఆరు, ఆరు. పదమూడో సభ్యుడు ఆరోజు సింహాచలం వెళ్లాడు. ఇప్పుడు రెండు వర్గాలూ ఆయనకి ఫోన్లు చేస్తున్నాయి, పాపం దర్శనం ఫలితం అప్పుడే మొదలైంది. మీరైతే ఎటు చెయ్యెత్తుతారు? కారణం కూడా రాయండి.

ఉప్పుగాలి
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? మన జీవీఎంసీకి, అంటే విశాఖ కార్పొరేషన్‌కి, 2007లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం 2012లో దిగిపోయింది. మళ్లీ ఓట్లేసింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు ఊరికి మేయర్ లేడు, ఒక్క కార్పొరేటర్ లేడు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది ఆ తొమ్మిదేళ్లలోనే, 2014 అక్టోబర్ 12 ఆదివారం. రోడ్ల మీద పడ్డ చెట్లు కోసిందెవరు, స్తంభాలు నిలబెట్టిందెవరు? వేరే జిల్లాల నుంచి వచ్చిన కరెంటోళ్లు మా వీధి చివర రోడ్డు మీదే పడుకున్నారు, మా అమ్మ వాళ్లకి ఉప్మా చేసి పంపింది. 2017లో నగరాల శుభ్రతకి కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, భోపాల్ తర్వాత మూడో ర్యాంకు కొట్టిందీ అప్పుడే. 2020 మే 7న వెంకటాపురంలో గ్యాస్ లీకైన తెల్లవారుజామున పడిపోయినవాళ్లని మోసుకెళ్లింది పక్కవీధి కుర్రాళ్లు, కానిస్టేబుళ్లు. కార్పొరేటర్ లేకుండా తొమ్మిదేళ్లు గడిచింది. చీపురు లేకుండా తొమ్మిది రోజులు గడుస్తుందా? 2023 డిసెంబరు ఆఖర్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగితే ముక్కులు మూసుకుని తిరిగాం కదా.

గెడ్డ పక్కిల్లు
ఉప్పుగాలి గారూ, మీరు లెక్క సగమే చెప్పారు. 2019లో అదే ర్యాంకు 23కి పడిపోయింది, అప్పుడూ కార్పొరేటర్లు లేరు. 2022లో నాలుగు, అప్పుడు ఉన్నారు. ర్యాంకులతో ఎటైనా వాదించొచ్చు, వాటిని వదిలేద్దాం.

నేను ఆ తొమ్మిదేళ్లూ గెడ్డ (వాగు) పక్కన బతికినవాణ్ణి. గట్టి వాన పడితే గెడ్డ నీళ్లు మా వంటింట్లోకి వస్తాయి. పూడిక తీయించమని అర్జీ పట్టుకుని ఎన్ని గుమ్మాలెక్కానో. ఒక ఆఫీసరుకి గెడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ సముద్రంలో కలుస్తుందో బొమ్మ గీసి చూపించేలోపు ఆయనకి బదిలీ. కొత్తాయన వస్తే మళ్లీ బొమ్మ. ఆయన మంచివాడే, చెడ్డవాడే అని కాదు. నా ఓటుతో ఆయనకి పని లేదు, అంతే.

2021 తర్వాత ఒక మనిషి దొరికాడు. దేవుడేం కాదు. ఓట్ల కోసమే అనుకోండి, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తాడు, తెల్లారేసరికి జేసీబీ దిగింది. బురదలో దిగి తీసింది కూలీలే, కాదనను. కానీ వాళ్లని అక్కడికి రప్పించడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. అలా రప్పించడం కూడా పనే, కాకపోతే దానికి చీపురూ ఉండదు, చెమటా కనబడదు.

జగదాంబ జంక్షన్
ఫోన్ ఎత్తినందుకే శాలువా అయితే గ్యాస్ బండ తెచ్చే కుర్రాడికి ఏడాదికి పన్నెండు కప్పాలి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
హాస్యాలు తర్వాత బాబూ. నాయకుల్ని పొగడటమే పాపమన్నట్టు మాట్లాడుతున్నారు మీరంతా. మన కార్పొరేషన్ ఆఫీసు పేరేమిటి? తెన్నేటి భవనం. విశాఖకి ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న ఉద్యమానికి ముందు నిలబడ్డ తెన్నేటి విశ్వనాథం గారు 1967లో ఏ పార్టీ గుర్తూ లేకుండా, స్వతంత్రుడిగా ఈ ఊరి నుంచి లోక్‌సభకి గెలిచారు. ఆయన పేరు పార్కుకీ పెట్టుకున్నాం. తప్పా? నాయకుణ్ణి మెచ్చుకోవడం మానేస్తే మంచి నాయకుడు కావాలన్న కోరికే జనంలో చచ్చిపోతుంది. మెచ్చుకోవలసినవాణ్ణి ఎంచుకోవడం రాకపోతే అది మన లోపం.

ఎర్రమట్టి దిబ్బ
మాస్టారూ, మీ మాట కాదనను, మీ ఉదాహరణనే ఇంకొంచెం ముందుకి లాగుతాను. ఆ ఉద్యమంలోనే 1966 నవంబరు 1న ఈ ఊళ్లో కాల్పులు జరిగాయి. తెన్నేటి వారి పేరు మీకూ నాకూ తెలుసు. ఆ రోజు తూటా తిన్నవాళ్లలో ఒక్కరి పేరు చెప్పగలరా? నేనూ చెప్పలేను, సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఫ్యాక్టరీ కింద పోయిన ఊళ్ల పేర్లయినా గాజువాక పెద్దవాళ్లకి తప్ప ఎవరికి గుర్తున్నాయి?

మా వీధి మొగలో కల్వర్టు మీద శిలాఫలకం ఉంది. పొడవు అడుగున్నర. మంత్రి, ఎమ్మెల్యే, మేయర్, కార్పొరేటర్, కమిషనర్, ఇంజనీరు, అందరూ ఉన్నారు. కల్వర్టు కట్టిన మేస్త్రి లేడు. ఫలకం చెక్కినవాడు కూడా తన పేరు చెక్కుకోలేదు. తమాషా ఏమిటంటే కల్వర్టు కుంగింది, ఫలకం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆరిలోవ ఆశా
నేను ఆశా కార్యకర్తని. మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఒక ముక్క రాస్తాను. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. పది లక్షల మందికి ఒక అవార్డు. మేమందరం ఆ వార్త స్టేటస్ పెట్టుకున్నాం, మా అత్తగారు పక్కింటివాళ్లందరికీ చూపించింది. అబద్ధం ఎందుకు, చాలా సంతోషం వేసింది. మర్నాడు ఎప్పట్లాగే రిజిస్టర్లు పట్టుకుని మెట్లెక్కాను.

మాకు జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. అంగన్‌వాడీ వాళ్లకీ అదే మాట. వాళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సర్వీసుల్లో సమ్మెని నిషేధించే చట్టం, పెట్టారు. గౌరవం ఇచ్చేటప్పుడు స్వచ్ఛందంగా సేవ చేసే తల్లులం, పని ఆపితే అత్యవసర సర్వీసులం. కార్పొరేటర్లకి ఇచ్చేదాన్ని కూడా గౌరవ వేతనమే అంటారట. మాటలో మాత్రం మేమూ వాళ్లూ ఒకటే.

శాలువా వద్దని చెప్పడం లేదండీ. ఇస్తే తీసుకుంటాను. కాకపోతే సన్మానం అయ్యాక ఎవరో ఒకరు మైకులో 'డబ్బు ఆశించకుండా పనిచేసే మహిళ' అంటారు చూడండి, ఆ మాట అనకండి. నేను ఆశిస్తాను.

ఉప్పుగాలి
ఆశా గారూ, మీ చివరి లైను నేను మా ఆవిడకి చదివి వినిపించాను.

మీరన్నదానికి ఇంకొకటి కలుపుతాను. 2021లో వార్డు వాలంటీర్లు తమకిచ్చే అయిదు వేలు చాలడం లేదన్నప్పుడు మీది ఉద్యోగం కాదు, సేవ అన్నారు. ఆ ఉగాదికే సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని బిరుదులిచ్చారు. ఈ పార్టీ ఆ పార్టీ అని కాదు, ఎవరున్నా చేసేది ఇదే. అంచేత నా మాట కొంచెం మార్చుకుంటున్నాను: శాలువాలు ఎవరికీ వద్దు. పద్దెనిమిది వేలూ నలుగురికి సమానంగా కవర్లో పెట్టి ఇచ్చేయండి. వేదిక లేదు, మైకు లేదు.

గెడ్డ పక్కిల్లు
కవరు ఇంటి గుమ్మంలో ఇస్తే దాన్ని పండగ మామూలు అంటారు. అది ఏటా ఇస్తూనే ఉన్నాం. పదిమందిలో పేరు పిలవడం వేరు. 2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి మేడ మీద కంచాలు మోగించాం, ఎవరి కోసమో వాళ్ల పేరు మనలో ఎంతమందికి తెలుసు? కార్యదర్శి గారు కూడా మొదటి పోస్టులో 'ఊడుస్తున్న అమ్మ' అనే రాశారు. పదిహేడేళ్లు కదా.

నాయకుడి శాలువా గురించి కూడా నిజం ఒప్పుకుంటాను. అది మెచ్చుకోలు కాదు, అడ్వాన్సు. ముందు కప్పుతాం, తర్వాత రోడ్డు అడుగుతాం. ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు.

జగదాంబ జంక్షన్
అయితే అసలు తేడా ఇదన్నమాట. ఒకరికి కప్పేది చేయబోయే పనికి, ఇంకొకరికి చేసేసిన పనికి. రెండింటికీ ఒకే దుకాణంలో నూట యాభై రూపాయల శాలువా!

కాలనీ కార్యదర్శి
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. గెడ్డ గారి మాట గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే కిందకి దిగి ఆవిడ పేరు అడిగాను. ఇక్కడ రాయను, ఆవిడ అనుమతి తీసుకోలేదు. ఇలా సన్మానం అనుకుంటున్నాం, మీరేమంటారు అని అడిగాను. నా భార్య కూడా పక్కనే ఉంది. ఆవిడ అన్నది గుర్తున్నంతవరకు అలాగే పెడుతున్నాను:

'సాలువా ఏటి సేసుకుంటాను బాబూ, ఈ ఎండల్లోన. ఇస్తే ఇయ్యండి, కాదన్ను. గానీ ఆ కార్పొరేటర్ బాబుని మాత్రం పిలండి. నాకాయన్తో పనుంది. మీ ఈదిలో కార్లు కడిగిన నీళ్లు పొద్దున్న నానే తుడుస్తాను. మా కొండ మీదకి కుళాయి ఎక్కదు, బిందె ఎట్టుకుని మెట్లెక్కాల. మస్తరుకి అయిదింటికల్లా ఉండాల, నీళ్లకి ఎప్పుడెల్తాను? ఆఫీసుకెల్తే లోపలికి రానియ్యరు. ఇక్కడైతే ఆయన పక్కన కుర్సీ ఏస్తారు గదా, ఓ పావుగంట కదలకుండా కూకుంటాడు.'

తర్వాత కాసేపు ఆగి ఇంకో మాట అడిగింది. 'ఫంక్షనయ్యాక ఇస్తరాకులెత్తీది కూడా నానే గదా. మరి ఆ దినం ఏ సీర కట్టుకోమంటారు?'

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ నా వైపు చూసింది.

ఉప్పుగాలి
అంటే చివరికి కార్పొరేటర్ వేదిక ఎక్కుతున్నాడు. మీరే గెలిచారు గెడ్డ గారూ. నాకైతే ఇప్పటికీ నచ్చలేదు, ఆవిడ ఇంటికి నీళ్లు రావడానికి ముందు ఆయన మెడలో దండ పడాలా?

గెడ్డ పక్కిల్లు
నేనెక్కడ గెలిచానండీ, మా గెడ్డ మళ్లీ పూడింది. దండ వద్దు. కుర్చీ, కొబ్బరినీళ్లు చాలు. ఆయన కుర్చీ, ఆవిడ కుర్చీ ఒకే రకం ఉండేలా చూడండి, ఒకటి సోఫా ఇంకొకటి ప్లాస్టిక్ కాకుండా. అర్జీ ముందే రాసిపెట్టుకోండి. కొండ మీద ఎన్ని ఇళ్లు, కుళాయి ఏ మెట్టు దగ్గర ఆగిపోయింది, అన్నీ అంకెల్లో. ఎదురుగా మైకు ఉన్నప్పుడే చేతికివ్వాలి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
అర్జీ నేను రాస్తాను. మెట్లు మాత్రం ఎవరైనా కుర్రాడు ఎక్కి లెక్కపెట్టి రావాలి.

ఎర్రమట్టి దిబ్బ
నేను ఎక్కుతాను మాస్టారూ. ఆదివారం పొద్దున్న.

కాలనీ కార్యదర్శి
పదమూడో ఆయన ఫోన్ చేశాడు, మీరెలా అంటే అలా అన్నాడు. ఇక మిగిలింది విస్తరాకుల సంగతి. కమిటీ గ్రూపులో 'ఆరోజు ఆకులు ఎత్తేవాళ్లు పేర్లు ఇవ్వండి' అని నిన్న రాత్రి పెట్టాను. పన్నెండు మంది చూశారు. పేర్లు ఇద్దరివి వచ్చాయి, అందులో ఒకటి మా ఆవిడది.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
మీ కాలనీవాణ్ణి కాకపోయినా నా పేరు రాసుకోండి. నడుం వంగదు, గ్లాసులు ఏరతాను.