చదరంగం గళ్ల పద్యంలో ఒక అంకె తగ్గుతోంది, సాయం చేయండి

గట్టుమీద_చెట్టు:
మా తాతయ్య నోటుపుస్తకంలో ఒక పాత చంపకమాల ఉంది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలో పద్యంలోని మాటలే చెబుతాయి. శర అంటే 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1... ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. ఎన్నిసార్లు చేసినా 19 అంకెలే వస్తున్నాయి. స్ప్రెడ్‌షీట్‌లో వేస్తే 20 అంకెలు వచ్చాయి గానీ 18446744073709600000 అంటోంది. పద్యం 5తో మొదలవుతుంటే చివర సున్నాలెలా వచ్చాయి?

రెండంకెలవాడు:
ఆ సున్నాలను నమ్మకండి. స్ప్రెడ్‌షీట్ 15 అంకెల వరకే సరిగ్గా చూపి, మిగిలిన చోట్ల సున్నాలు నింపుతుంది. నేను ఒకసారి పొడవాటి ఖాతా సంఖ్యలను అందులో పెట్టి చివరి అంకెలన్నీ పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి అలాంటివాటిని అక్షరాలుగానే దాచుకుంటున్నాను. మీకు కావలసింది 2ను 64 సార్లు వేసి గుణించిన దానిలో ఒకటి తక్కువ. రుణసంఖ్యలు అక్కరలేనప్పుడు కంప్యూటర్‌లో 64 బిట్లలో (ఒక్కోదానిలో 0 గానీ 1 గానీ ఉండే చోట్లలో) పట్టే అతిపెద్ద సంఖ్య కూడా అదే.

లెక్కల_మాస్టారు:
జవాబు చూడకుండానే పోయిన అంకెను పట్టుకోవచ్చు. మీ 19 అంకెలను కూడండి, 84 వచ్చిందా? ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే వచ్చే శేషమే దాని అంకెల మొత్తాన్ని భాగించినా వస్తుంది. 84ను 9తో భాగిస్తే శేషం 3. ఇక 2, 4, 8, 16 వరుసను 9తో భాగించుకుంటూ పోతే 2, 4, 8, 7, 5, 1 అనే శేషాలే మళ్లీ మళ్లీ వస్తాయి. 64వది ఆరేసి చొప్పున పోగా నాలుగో చోట పడుతుంది, శేషం 7. ఒకటి తీసేస్తే 6. మీ 3 కాస్తా 6 కావాలంటే పోయిన అంకె 3 కావాలి. మీ పుస్తకంలో ‘వియన్నగాగ్ర’ అని ఉందేమో చూడండి. అది ‘వియన్నగాగ్ని’. వియత్తు 0, నగం 7, అగ్ని 3. అగ్నులు మూడు కదా!

గట్టుమీద_చెట్టు:
మాస్టారూ, నమస్కారం. సరిగ్గా 84 వచ్చింది, పుస్తకంలో ‘గ్ర’ అనే ఉంది! దిద్దుకోగానే 18446744073709551615 వచ్చేసింది. ఏడు వచ్చిన మూడు చోట్లా కొండే ఉంది, మూడు పేర్లతో: నగం, భూధరం, గిరి. గణం తప్పకుండా ఇంత పెద్ద సంఖ్యను కూర్చిన కవిని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తోంది.

వరిచేను:
గ్రాముకు 40 బియ్యపు గింజలు అనుకొని లెక్క వేశాను. దాదాపు 46 వేల కోట్ల టన్నులు! ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు.

లెక్కల_మాస్టారు:
ఆ 20 అంకెల సంఖ్యను విడగొట్టి చూడండి, ఇంకా బాగుంటుంది: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఒక్కొక్కటీ 2, 4, 16, 256 ఇలా వర్గాలు చేసుకుంటూ పోయి ఒకటి కలిపితే వచ్చేది. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది మాత్రం 641 × 6700417 అని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. ఆ గుణకారం కాగితం మీద చేసి చూడండి, ఐదు నిమిషాల పని.