‘బోక్యో’ అంటే ఊరి మీద బెంగేనా?

ప్రశ్న

జపాను ఎంక పాటల్లో (ఎడబాటు, దిగులు పాడుకునే అక్కడి జనప్రియ గీతాలు), ముఖ్యంగా సముద్రం, రేవు, ఓడ ఉన్నవాటిలో, ‘బోక్యో’ అనే మాట తరచూ వస్తుంది. తెలుగులో ఏమనాలి? ‘స్వదేశ స్మృతి’, ‘గృహవిరహం’ లాంటివి పాటలో నిలవడం లేదు. ‘ఊరి మీద బెంగ’ దగ్గరగానే ఉంది గానీ ఏదో తగ్గినట్టుంది. ‘ఫురుసాతో’ని జన్మభూమి అనీ, ‘మినాతో’ని నౌకాశ్రయం అనీ అనొచ్చా? వరసకు కూర్చాలి కాబట్టి మాత్రల సంగతి కూడా తెలిసినవారు చెప్పండి.

మొదటి జవాబు

మీకు తగ్గినట్టు అనిపించింది ‘చూపు’ అండీ. బోక్యో రెండు చైనా లిపి అక్షరాల సమాసం. మొదటిదానికి దూరంగా చూడడం, కోరుకోవడం అని అర్థాలు. ‘ఆశ’ అనే అర్థమున్న ‘కిబో’లో చివరి అక్షరం ఇదే. రెండోది ఊరు, పుట్టిన సీమ. అంటే కళ్ళు ఊరి దిక్కున నిలిచిపోయాయని. మన బెంగలో మనసు ఉంది, తిండి సయించకపోవడం ఉంది, ఒళ్ళు చిక్కిపోవడం కూడా ఉంది. చూపు మాత్రం లేదు. చంటిపిల్ల తల్లి మీద బెంగ పెట్టుకుంటే ఏ దిక్కుకూ చూడక్కర్లేదు కదా.

ఎంకలో ఆ దిక్కు చాలాసార్లు ఉత్తరం. 1950లు, 60లలో ఈశాన్య జపానులోని తోహొకు ప్రాంతపు పల్లెల నుంచి పదిహేనేళ్ళకే బడి ముగించిన పిల్లలను ప్రత్యేక రైళ్ళలో తోక్యోకు పనికి తెచ్చేవారు. ‘బంగారు గుడ్లు’ అని పిలిచేవారు వాళ్ళను. దిగే స్టేషను ఉఏనొ. కోతలయ్యాక చలికాలమంతా కూలికి వచ్చే పెద్దవాళ్ళు వేరే. ఆ వలసకు ‘దెకసెగి’ అని పేరు. ఇంకా ఉత్తరాన ఉన్న హొక్కైదొ దీవి వాళ్ళకు మధ్యలో త్సుగరు జలసంధి అడ్డం. రైలు అఒమొరిలో ఆగిపోతే, అక్కడి నుంచి హకొదతెకు నాలుగు గంటలకు కాస్త తక్కువగా ఓడ ప్రయాణం. 1908లో మొదలైన ఆ ఓడలు 1988 మార్చిలో సముద్రం కింది సొరంగం తెరిచాక ఆగిపోయాయి. 1977లో ఇషికవ సయురి పాడిన ప్రసిద్ధ పాటలో దారి సరిగ్గా ఇదే: ఉఏనొలో రాత్రి రైలు, అఒమొరిలో మంచు, ఆపైన ఓడ.

ఆ పాట తెలుగు చేసేవాళ్ళు ‘కఏరు’ అనే క్రియ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. నిఘంటువులో ‘తిరిగి వెళ్ళు’ అని ఉంటుంది. వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళడానికి వేరే క్రియ ఉంది, ‘మొదొరు’. కఏరు అంటే తన చోటికి చేరడం. ‘ఊరు చేరింది’ అంటే అతికినట్టు సరిపోతుంది.

మనకూ సముద్రం దాటిన వలస ఉంది. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి రంగూన్‌కు కూలికి వెళ్ళినవాళ్ళ వల్ల ‘రంగం పోయాడు’ అనే మాట ఉత్తరాంధ్రలో నిలిచింది. అటువైపు జనం వాడుకలో వెతికితే ఈ పాటలకు మాటలు ఎక్కువ దొరుకుతాయి. సంస్కృత సమాసాలు ఇక్కడ పనికిరావు.

రెండో జవాబు

మాస్టారి మాటకు కొనసాగింపు. జన్మభూమి వద్దండీ, అందులో జెండా ఎగురుతుంది. ‘ఫురు’ అంటే పాత, ‘సతొ’ అంటే జనం ఉండే పల్లెపట్టు. ఈ సతొకే పుట్టిల్లు అనే అర్థమూ ఉంది. పెళ్ళైన పిల్ల పుట్టింటికి రావడాన్ని ‘సతొగఎరి’ అంటారు. కాబట్టి ‘సొంతూరు’, ‘పుట్టినూరు’ చాలు. ఆడగొంతు పాటైతే ఒక్కోచోట ‘పుట్టిల్లు’ అన్నా తప్పులేదు. అదే లిపిని ‘కొక్యో’ అని కూడా చదువుతారు, అది బడి పుస్తకం గొంతు. పాటకు కావలసింది ఫురుసతొ.

మినతొ ఇంకా అందమైన మాట. ‘మి’ నీరు, ‘న’ పాతకాలపు షష్ఠీ ప్రత్యయం, ‘తొ’ వాకిలి. మొత్తం కలిపితే నీటి వాకిలి! నౌకాశ్రయం అనగానే క్రేన్లు, కంటైనర్లు కళ్ళ ముందుకొస్తాయి. ఎంకలో మినతొ వేటపడవలు ఆగే చిన్న ఊరు, రాత్రి ఒకటో రెండో సారాకొట్లు, పొగమంచులో ఓడ కూత. దానికి ‘రేవు’ను మించిన మాట లేదు. చీరాల దగ్గర వాడరేవు, విశాఖకు ఇవతల రేవుపోలవరం చూడండి, ఊరి పేర్లలోనే ఉంది. 1969లో మొరి షిన్‌ఇచి పాడిన ఒక పాట హకొదతెలో మొదలై రేవు తర్వాత రేవుగా దక్షిణాన కగొషిమ దాకా దిగుతుంది. అందులో ప్రతిచోటా ‘నౌకాశ్రయం’ పెట్టి చూడండి, రెండో చరణానికే పాట మునిగిపోతుంది.

మూడో జవాబు (మాత్రల గురించి)

ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది, అది చెప్పకపోతే మిగతాదంతా తప్పుతుంది. ఫురుసాతో, మినాతో అన్న రాత ఇంగ్లీషు మీదుగా వచ్చింది. జపానుకు మన మాత్రలాంటి కొలతే ఉంది. హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు. ఆ లెక్కన మి-న-తొ మూడు, ఫు-రు-స-తొ నాలుగు. మినాతో అని రాస్తే 1+2+2, అంటే అయిదవుతుంది. ఫురుసాతో ఆరు.

మన ఛందస్సుతో చాలాచోట్ల కలుస్తుంది. ద్విత్వం వచ్చినా, సున్న వచ్చినా ముందరి అక్షరం గురువవుతుంది, అక్కడా ఒక మాత్ర పెరుగుతుంది. ‘ఎంక’ చూడండి, మనకు గురువు లఘువు మూడు, వాళ్ళకు ఎ-న్-క మూడు. పైగా క ముందు సున్నను మనం పలికే తీరే వాళ్ళదీ. ‘ఎన్కా’ అని రాస్తే రెండూ పోతాయి. బోక్యో కూడా సరిగ్గా కుదురుతుంది: 2+2 నాలుగు.

కలవని చోటు కొక్యో. మన లెక్కలో ‘క్యో’ సంయుక్తం కాబట్టి ముందున్న ‘కొ’ గురువై మొత్తం నాలుగవుతుంది. వాళ్ళకు ‘క్యొ’ ఒకే మాత్ర, ముందరి అక్షరాన్ని తాకదు. అందుకని కొక్యో మూడే. జపాను మాటను అలాగే ఉంచి పాడేటప్పుడు తాళం జారేది ఎక్కువగా ఇలాంటి య-వత్తుల దగ్గరే.

పలకడం గురించి రెండు ముక్కలు. ఫురుసతొలో ‘ఫు’కు పళ్ళు పెదవికి తగలకూడదు, దీపం ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి రావాలి. త్సుగరులో మొదటి ధ్వనిని ‘సు’ చేసేస్తుంటారు, అక్కర్లేదు. ‘చుక్క’, ‘చుట్టం’ అనేటప్పుడు మన నోట వచ్చే దంత్య చకారమే అది.

ఇక పాదం. ఈ పాటల్లో బాగా కనిపించే నడక 7+5 మాత్రలు. ఏడును 3+4గా విరిస్తే గురజాడ ముత్యాల సరం నడకే. పని సులువు.

నాలుగో జవాబు

అక్కడే చిన్న సవరణ అక్కా. లెక్క సరే, నడక అది కాదు. ఏడు మాత్రల మాటను వాళ్ళు ఎనిమిది దెబ్బల్లో చదివి ఒక దెబ్బ ఆగుతారు. అయిదును కూడా ఎనిమిదిలోనే చదివి మూడు ఆగుతారు. మిశ్రగతిలో, అంటే ఏడు లెక్కలో, పాడితే ఆ ఆగడం పోయి పాట పరుగెడుతుంది. చతురశ్రంలో, అంటే నాలుగు లెక్కలో, ఆదితాళంలా వేసుకోండి. మూడు దెబ్బల ఖాళీలోనే ఆఖరి అచ్చు సాగుతుంది, అక్కడే ‘కొబుషి’ పడుతుంది.

కొబుషి అంటే అచ్చును ఒక్కసారి చటుక్కున మెలితిప్పి మళ్ళీ అదే స్వరం మీదికి రావడం. మన పాటగాళ్ళు చేసే తప్పు ప్రతి స్వరానికీ గమకం వేసేయడం, దాంతో మాట చెదిరిపోతుంది. పాదానికి ఒకటి, మహా అయితే రెండు. మిగతాది నిటారుగా పాడాలి, చివర్లోనే కంపం రావాలి.

స్వరాల పేరు ‘యొననుకి’. యొ అంటే నాలుగు, న అంటే ఏడు, నుకి అంటే తీసేయడం. మధ్యమం, నిషాదం ఉండవు. ఉల్లాసంగా సాగే పాటకు మోహన స్వరాలే. దిగులు పాటకు స రి గ ప ధ, ఇందులో గాంధారం సాధారణం, ధైవతం శుద్ధం. శివరంజని తెలిసినవాళ్ళ గొంతు అలవాటుగా చతుశ్రుతి ధైవతానికి వెళ్ళిపోతుంది. అర్ధస్వరం కిందికి దించి పట్టుకోవాలి, దిగులంతా పంచమానికి ఆనుకుని ఉన్న ఆ ధైవతంలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ దండాలు. ఇలా కుదిర్చాను, చూడండి:

రేవు దాటిన పడవలోన
ఊరి దిక్కే చూస్తున్నా

మూడో జవాబు రాసినవారు

‘రేవు దాటిన’ 2+1+2+1+1, ఏడు, బాగుంది. ‘పడవలోన’ ఆరు, ‘న’ తీసేయండి. ‘ఊరి దిక్కే’ ఏడు సరిపోయింది. ‘చూస్తున్నా’లో మూడూ గురువులే, ఆరు.

రేవు దాటిన పడవలో
ఊరి దిక్కున నా కనులు

నాలుగో జవాబు రాసినవారు

లెక్క కుదిరింది గానీ ‘కనులు’ చివర ‘లు’ మీద మూడు దెబ్బలు సాగదీయలేమండీ, గొంతు మూసుకుపోతుంది. ‘పడవలో’ లాగా నోరు తెరుచుకునే దీర్ఘం కావాలి. ‘ఊరి దీపమె కళ్ళలో’ అనండి, ఏడు, అయిదు.

మొదటి జవాబు రాసినవారు

పాడడానికి హాయిగా ఉంది బాబూ. కానీ దీపం కళ్ళలోకి వచ్చేస్తే దూరం పోయింది, జ్ఞాపకం మిగిలింది. బోక్యోకు దూరం ఉండాలి. ఎంకలకు మామూలుగా మూడు చరణాలు ఉంటాయి కాబట్టి రెండూ వాడుకోవచ్చు. మొదటి చరణంలో ఓడ కదిలేటప్పుడు ‘ఊరి దీపము దూరమై’, ఆఖరి చరణంలో ఇంకేమీ కనబడనప్పుడు ‘ఊరి దీపమె కళ్ళలో’.