ఒడియా పరీక్ష రాసి ఇక్కడే ఉండాలా, విశాఖ బండెక్కెయ్యాలా?

వంశధార గట్టు (గుణుపురం, ఒడిశా):
బీకాం అయి రెండేళ్లు. బళ్లో ఇంగ్లీషు, హిందీ, తెలుగు చదివాను, ఒడియా లేదు. సంతలో ఒడియాలో బేరమాడతాను గానీ రాయమంటే చెయ్యాడదు. ఆ పరీక్ష రాసి సర్కారు నౌకరీకి చదువుకోమంటారు నాన్న. విశాఖ వచ్చెయ్, ఏదో కంపెనీలో పడేస్తానంటాడు మావయ్య. రోజూ ఇంట్లో ఇదే రచ్చ. ఏటి చెయ్యమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మీ నాన్నగారి మాటే నాదీ. ఒడిశా నోటిఫికేషన్ల అర్హతల్లో మామూలుగా ఒడియా ఉంటుంది, కనీసం ఏడో తరగతి స్థాయిలో పాసై ఉండాలి. చదవనివాళ్లకు మాధ్యమిక విద్యా బోర్డు అదే స్థాయి పరీక్ష పెడుతుంది. చిన్నపిల్లల పరీక్షే కదా, ఎప్పుడైనా రాయొచ్చని నాన్చాను నేను. తీరా నాకు సరిపడే పోస్టు పడింది, ఫారం దగ్గరే ఆగిపోయాను. ఇదే ఊళ్లో 1880లో బడిపంతులుగా చేరిన గిడుగు రామ్మూర్తి గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువే రాశారు. మనకి ఒడియా అక్షరాలు బరువా?

సీతమ్మధార మెస్సు (సొంతూరు రాయగడ):
పంతులుగారికి నెలజీతం ముందు, సవర తర్వాత, గురూ! నేను మూడేళ్లు "ప్రిపేరవుతున్నా" అంటూ తిరిగాను. పెళ్లిళ్లలో చుట్టాలడిగినా అదే జవాబు. మూడేళ్లకి చేతికొచ్చిన పని ఒక్కటీ లేదు. ఇరవయ్యారేళ్లకి ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) మొదటి పాఠం, పక్కన ఇరవయ్యేళ్ల పిల్లలు. వచ్చెయ్ తమ్ముడూ. కానీ ఇక్కడికొచ్చి ఆంధ్రా గ్రూప్సుకి కూర్చోకు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద లోకల్ లెక్క చాలామట్టుకు పదో తరగతి దాకా ఎక్కడ చదివావన్నదాని మీదే. విశాఖలో గది అద్దెకి తీసుకున్నంత మాత్రాన మనం లోకల్ అయిపోం.

రాయగడ ప్యాసింజరు:
ఆ రెండు గొడవలూ లేనిది రైల్వే. ఆర్ఆర్‌బీ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. కాకపోతే 2025 జనవరి 6న మా ఊళ్లో డివిజన్ భవనానికి శంకుస్థాపన అయిందగ్గర్నుంచి "ఇక ఉద్యోగాలన్నీ మన పిల్లలకే" అంటున్నారు టీకొట్ల దగ్గర. అది నమ్మి చదువు తగ్గించకు.

సీతమ్మధార మెస్సు:
మళ్లీ చదువే! వాడి చేతికి పనెప్పుడొస్తుంది?

చింతపండు మండీ (పర్లాకిమిడి):
నేను షావుకార్లకి లెక్కలు రాస్తాను. మాకు పాతపట్నం పక్కవీధి లాంటిది. కానీ సరుకు అటు ఆంధ్రాకెళ్తే రాష్ట్రం దాటినట్టే, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల జీఎస్టీ) పడుతుంది. ఇటు జీఎస్టీ నంబరు 21తో మొదలు, అటు 37తో. ఇక్కడే తప్పులు చేసి నోటీసులు తెచ్చుకుంటారు. నోటీసు ఇంగ్లీషులో, ఆఫీసులో మాట ఒడియాలో, షావుకారుకి ఎక్కేది తెలుగు. ఆ మధ్యన కూర్చోగలిగినవాడికి ఇక్కడ పనుంది. నాకైతే కంప్యూటర్ కోర్సు కన్నా ఆర్నెల్లు ఆడిటరు దగ్గర పాత ఫైళ్లు తిరగెయ్యడమే పనికొచ్చింది. జీతం మాత్రం విశాఖలో నా తోటివాళ్ల ముందు తేలిపోతుంది, దాచను. అద్దె లేదు, అమ్మ వంట ఉంది. అదీ లెక్కలో రాసుకోవాలి మరి.

మహేంద్రతనయ:
చూశారా, ఆవిడా ఒడియా నేర్చుకోమనే అంటోంది.

సీతమ్మధార మెస్సు:
పని నేర్చుకోమంటోంది!

వంశధార గట్టు:
అక్కని చెరోవైపు లాగెయ్యకండి. పక్కింటి పాపని అడిగి ఏడో తరగతి ఒడియా పుస్తకం తెచ్చాను, బోర్డు పరీక్ష ఎలాగూ రాస్తాను. పగలు ఆడిటరు ఆఫీసు, రాత్రి చదువు అంటే "రెండు పడవల మీద కాళ్లు" అన్నారు నాన్న. అక్కా, ఆ ఆర్నెల్లూ డబ్బులేవైనా ఇచ్చారా?

చింతపండు మండీ:
టీ, బస్సు ఛార్జీలు. నాలుగో నెల్లో నేనే నోరు విప్పి అడిగాను. నువ్వు అంతదాకా ఆగకు.