మైక్రోమీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో షాపులోనే తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న లేత్ షాపు. 6204 బేరింగ్ (లోపలి రంధ్రం 20 మిమీ) కూర్చోవడానికి ఒక షాఫ్ట్ టర్నింగ్ చేశాను. వ్యాసం కొలిచే నా 0–25 మిమీ మైక్రోమీటర్‌లో 20.01 వచ్చింది. పార్టీ దగ్గర కొలిస్తే 19.98 అంటున్నారు. బేరింగ్ చేత్తో తోస్తేనే ఎక్కేస్తోంది. జాబ్ వెనక్కి వచ్చింది, రెండు రోజులుగా ఒకటే టెన్షన్. స్లిప్ గేజ్ సెట్ (కచ్చితమైన కొలతల స్టీలు దిమ్మెలు) కొనే స్తోమత నాకు లేదు. తప్పు నా మైక్రోమీటర్‌దా, వాళ్లదా?

జవాబు: తమ్ముడూ, ముందు జీరో చూడు, అంటే కొలిచే రెండు ముఖాలూ కలిసినప్పుడు సున్నా వస్తోందా అని. రెండు ముఖాల మధ్య శుభ్రమైన తెల్లకాగితం పెట్టి, మెల్లగా బిగించి లాగెయ్. కంటికి కనపడని నూనె, పొడి దాంతో వచ్చేస్తాయి. తర్వాత చివరన ఉండే చిన్న పిడి, రాచెట్ పట్టుకుని మూడుసార్లు టిక్కుమనేదాకా తిప్పు. థింబుల్ (గీతలున్న తిరిగే గొట్టం) పట్టుకుని బిగించొద్దు, చేతి బలాన్ని బట్టి రీడింగ్ మారుతుంది. జీరో ఎంత వస్తోందో చెప్పు.

ఇంకోటి, షాఫ్ట్ లేత్ మీద నుంచి దించగానే కొలిచావా?

ప్రశ్న వేసినవారు: అవునన్నా, చక్‌లో (లేత్ పట్టులో) ఉండగానే కొలిచాను. పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉంది. జీరో ఇప్పుడే చూశాను, 0.02 ఎక్కువ చూపిస్తోంది.

జవాబు: అయితే దొరికేసింది. స్టీలు మీటరుకి, ఒక్కో డిగ్రీకి దాదాపు 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే 0.001 మిమీ) పెరుగుతుంది. 20 మిమీ షాఫ్ట్ 40 డిగ్రీలు వేడెక్కితే 9 మైక్రాన్లు, అంటే దాదాపు 0.01. జీరోలో 0.02, వేడిలో 0.01 కలిపితే నీకూ వాళ్లకూ ఉన్న తేడా సరిగ్గా అదే. పార్టీ చెప్పిందే నిజం. చల్లారాకే కొలువు. జీరోని బాక్సులో ఇచ్చే చిన్న స్పానర్‌తో, స్లీవ్ (తిరగని లోపలి గొట్టం) వెనక ఉన్న రంధ్రంలో పెట్టి సరిచేసుకో.

జీరో బాగుంటే సరిపోదు. ఎక్కువగా వాడే సైజు దగ్గరే స్క్రూ అరుగుతుంది. బేరింగ్ షాపులో కొత్త స్టీలు బాల్స్ మూడు కొను: పావు అంగుళం, 3/8, అర అంగుళం. అవి 6.35, 9.525, 12.7 మిమీ. మూడూ థింబుల్ మీద వేర్వేరు చోట్ల పడతాయి కాబట్టి స్క్రూ చుట్టూ చూసినట్టవుతుంది. స్లిప్ గేజ్‌కి సాటి రావు గానీ, 0.01 తేడా ఉంటే పట్టిస్తాయి.

మరొకరు: వెర్నియర్‌కి (దవడలతో కొలిచే జారుడు స్కేలుకి) కూడా ఒక మాట. దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, మధ్యలో గీతలా వెలుగు కనిపిస్తే అరిగినట్టే. మీ దగ్గరున్న కొత్త 6204 బేరింగే గేజ్ అనుకోండి. బయటి వ్యాసం 47 మిమీ దాటదు, తగ్గినా 11 మైక్రాన్లు మించదు. రంధ్రాలు కొలిచే లోపలి దవడల్ని చూసుకోవడానికి దాని 20 మిమీ బోర్ (రంధ్రం) ఉంది. వెడల్పు 14 మాత్రం నమ్మొద్దు, దానికి 0.12 దాకా తక్కువ ఉండే వెసులుబాటు ఉంది.

ప్రశ్న వేసినవారు: చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. జీరో సరిచేశాను. అదే షాఫ్ట్ చల్లగా కొలిస్తే 19.98 వచ్చింది. కొత్త షాఫ్ట్ వేసి ఇస్తానని పార్టీకి ఫోన్ చేసి చెప్పేశాను. మైక్రోమీటర్ సరిగ్గా ఉందని సర్టిఫికెట్ అవసరమా?

జవాబు: పార్టీ అడిగితేనే ఎన్‌ఏబీఎల్ (కొలతల ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌కి పంపు. అడగకపోతే బాల్స్‌తో నెలకోసారి చూసుకుని, తేదీ, రీడింగ్ గోడమీద క్యాలెండర్‌లో రాసుకో. మైక్రోమీటర్ పెట్టేటప్పుడు ముఖాలు కొంచెం తెరిచి ఉంచు.