మగ తేనెపిట్ట గూట్లోకే వెళ్లడం లేదు, మామూలేనా?

ప్రశ్న:
మా వరండాలో బట్టలారేసే తీగకు ఊదా తేనెపిట్ట గూడు కట్టింది. ఎండు గడ్డి, పీచు, ఆకు ముక్కలు సాలెగూటి దారాలతో అతికించి చిన్న సంచిలా వేలాడదీసింది. పక్కన గుండ్రటి దారి, దానిమీద చూరు. కట్టిందంతా ఆడపిట్టే. ఇప్పుడు లోపల కూర్చుంటే ముక్కు మాత్రమే బయటికి కనిపిస్తోంది. నా టెన్షన్ ఏంటంటే, మగది ఒక్కసారి కూడా పొదగడానికి రాలేదు. పొద్దస్తమానం కిటికీ అద్దాన్ని పొడుస్తూనే ఉంది. ఆడది కూడా మాటిమాటికీ లేచి పోతోంది. గూడు వదిలేస్తుందేమోనని భయంగా ఉంది. చక్కెర నీళ్లు పెట్టమంటారా?

జవాబు 1:
భయపడకండి. ఈ పిట్టల్లో పొదిగేది ఆడదే. సాధారణంగా రెండు గుడ్లు, 15 నుంచి 17 రోజులు. మధ్యలో ఆకలికి లేవక తప్పదు కదా. మగది అద్దంలో తన నీడనే చూసి ఇంకో మగది వచ్చిందనుకుంటోంది. బయటివైపు పాత దుప్పటి కప్పండి.

జవాబు 2:
చక్కెర నీళ్లు వద్దండీ. తేనె పెద్ద పిట్టలకు సరిపోతుంది కానీ, పిల్లలు పెరగాలంటే పురుగులు, సాలీళ్లు కావాలి. అందుకే కొన్నాళ్లు వరండా మూలల్లో బూజు దులపకండి, మొక్కలకు మందు కొట్టకండి. మందారం ఉంటే గమనించండి. పువ్వు ముందునుంచి కాకుండా అడుగున ముక్కుతో చిల్లు పొడిచి తేనె తాగుతుంది. పుప్పొడి అంటదు కాబట్టి పువ్వుకు ఆ రాకతో లాభం లేదు. నేను ఆ చిల్లులు చూసి చాలాకాలం పురుగు పట్టిందనుకున్నాను!

ఇంకో మాట. పిల్లలు ఎగిరిపోయాక మగదాని మెరుపు పోతుంది. ఆడదానిలా వెలిసిపోయి, గొంతు నుంచి పొట్టదాకా ఒక నల్లటి చార మాత్రం మిగులుతుంది. మొదటి ఏడాది నాకది తెలియదు. మా నల్లపిట్ట చచ్చిపోయిందని రెండు రోజులు బాధపడ్డాను. అదే పిట్ట అని చారను చూశాకే అర్థమైంది. మళ్లీ జతకట్టే కాలానికి రంగు తిరిగొస్తుంది.

జవాబు 3:
హమ్మింగ్ బర్డ్ అంటారు కొందరు, కాదు. అవి అమెరికా ఖండాలవి, వేరే కుటుంబం. తేనెపిట్ట కాసేపు గాల్లో నిలబడగలదు గానీ ఎక్కువగా కొమ్మ పట్టుకునే తాగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. దుప్పటి కప్పాను, పొడవడం ఆగింది. ఈ ఉదయం గూట్లోంచి సన్నటి కిచకిచలు వినిపించాయి. ఎన్ని పిల్లలో చూడాలని ఉన్నా దగ్గరికి వెళ్లలేదు. కాసేపటికి మగది తీగమీద వాలింది, ముక్కున చిన్న సాలీడు. దారిలోకి తలపెట్టి అందించి వెళ్లింది.