పెన్సిల్వేనియా దాటడానికి ఆర్‌వీకి ఏది మేలు: టోల్ టర్న్‌పైకా, ఫ్రీగా పోయే ఐ-80నా?

ఎడిసన్_గోదారోడు:
అందరికీ నమస్తే. జులైలో న్యూజెర్సీ ఎడిసన్ నుంచి షికాగో పక్కన నేపర్‌విల్ దాకా ఆర్‌వీలో (లోపలే వండుకుని పడుకునే బండి) వెళ్దామని ప్లాన్. 28 అడుగుల క్లాస్ సి (వ్యాన్ ముందు భాగం వెనక గది కట్టిన రకం), అద్దె బండి. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్న. పెన్సిల్వేనియా దాటడానికి రెండు దార్లున్నాయి కదా, కింద దక్షిణాన టర్న్‌పైక్ (టోల్ కట్టే హైవే), పైన ఉత్తరాన ఐ-80 (టోల్ లేని హైవే). ఆఫీసులో ఒకాయన టర్న్‌పైకే ఎక్కు, రోడ్డు నున్నగా ఉంటుంది, పెద్దవాళ్ళున్నారు కాబట్టి దారిలో ఆగే ప్లాజాలు (బాత్రూములు, తిండి ఉండే చోట్లు) పనికొస్తాయి అంటాడు, ఇంకొకాయన ఆ డబ్బులతో నాలుగు పూటలు భోజనం వస్తుంది, దండగ అంటాడు. కారులో రెండూ తిరిగినవే, ఇంత పెద్ద బండి తోలడం మాత్రం ఇదే మొదలు. ఆర్‌వీలో వెళ్ళినవాళ్ళు చెప్పండి.

ఆవకాయ్_ఆన్_వీల్స్:
కళ్ళు మూసుకుని ఐ-80. న్యూజెర్సీ సరిహద్దు నుంచి ఒహాయో సరిహద్దు దాకా 311 మైళ్ళు, ఒక్క టోల్ గేటు లేదు, ఒక్క సొరంగం లేదు. డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర బ్రిడ్జికి మాత్రం కట్టాలి, అదీ పడమటికి వెళ్ళేటప్పుడే, వచ్చేటప్పుడు లేదు. మీకు షికాగో వైపు మైళ్ళలో కూడా రెండు దార్లకీ పెద్ద తేడా రాదు. దూరం ఇంచుమించు అంతే అయినప్పుడు టోల్ ఎందుకు కట్టాలో నాకైతే అర్థం కాదు. టర్న్‌పైక్‌లో పాత భాగాల్లో ఎడమ పక్క కాంక్రీటు గోడ, కుడి పక్క సన్నటి షోల్డర్ (బండి ఆపుకునే రోడ్డు అంచు), మధ్యలో మీ ఎనిమిదడుగుల వెడల్పు బండి, దాటి వెళ్ళే లారీ గాలికి స్టీరింగ్ ఒక్కసారి కుడికి లాగి మళ్ళీ ఎడమకి లాగుతుంది. మొదటిసారి తోలేవాళ్ళకి అది టెన్షన్.

సెమీ_సుబ్బన్న:
లారీలు ఐ-80లోనే ఎక్కువ వదినా. మా లారీ డ్రైవర్లు చాలామంది టోల్ తప్పించుకోవడానికి ఆ రోడ్డే ఎక్కుతారు, రాత్రిపూట అయితే కుడి లేన్ మొత్తం రైలు బండే. కాకపోతే మధ్యలో గడ్డి మీడియన్ వెడల్పుగా ఉంటుంది, ఊపిరాడుతుంది, అది ఒప్పుకుంటాను. చలికాలం అయితే వేరే మాట చెప్పేవాణ్ణి, మంచు తుఫాను ఉన్నట్టుండి కమ్మేస్తుంది అక్కడ. జులై కాబట్టి పర్లేదు.

మైలురాయి_మామ:
టోల్ ఎందుకంత ఎక్కువో తెలిస్తే ఇంకా మండుతుంది. ఆ టర్న్‌పైక్ 1940 అక్టోబరులో తెరిచారు, అప్పట్లో 160 మైళ్ళు, ఏడు సొరంగాలు. అసలు కథ 2007లో. రాష్ట్రంలో మిగతా రోడ్లకీ బస్సులకీ రైళ్ళకీ డబ్బులు కావాలని చట్టం చేసి, ఐ-80కి కూడా టోల్ పెట్టి ఆ సొమ్ము తేవాలని చూశారు. ఫెడరల్ ప్రభుత్వం ఒప్పుకోలేదు, 2010లో ఆఖరుసారి కూడా కాదు పొమ్మంది. డబ్బులిచ్చే పూచీ మాత్రం టర్న్‌పైక్ నెత్తిన ఉండిపోయింది, 2022 దాకా ఏడాదికి 45 కోట్ల డాలర్లు. అందుకే 2009 నుంచి టోల్ పెంపు ఏటా ఉండే తంతు అయిపోయింది. అంటే ఐ-80 మీద వెళ్ళేవాడి ఖర్చు కూడా కింద రోడ్డువాడే కడుతున్నట్టు లెక్క. నేను ఐ-80 మనిషినే, ఆ పుణ్యం నాకు బానే ఉంది.

ఎడిసన్_గోదారోడు:
మామా, వదినగారూ, థాంక్స్. ఒక చిక్కు వచ్చిపడింది. నిన్న రాత్రి అమ్మ చెప్పింది, అమెరికా వచ్చాక పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామిని చూడకుండా తిరుగు ప్రయాణం లేదట. గుడి టర్న్‌పైక్ వైపే కదా?

కొలంబస్_పిన్ని:
అవును బాబూ, మన్రోవిల్ ఎగ్జిట్, నెంబరు 57. అక్కడ దిగితే గుడి చాలా దగ్గర. 1976 నాటి గుడి, మా తరం వాళ్ళందరం ఎక్కడెక్కడినుంచో రాత్రంతా కార్లు తోలుకుని వెళ్ళేవాళ్ళం. కానీ అది కొండ మీద ఉంది, ఆ చిన్న రోడ్డు ఏటవాలు, మలుపులు, ఆర్‌వీ తీసుకెళ్ళొద్దు. వీకెండ్ అయితే కార్లకే చోటు దొరకదు. గుడి ఆఫీసుకి ముందే ఫోన్ చేసి పెద్ద బండి ఎక్కడ పెట్టుకోవాలో అడుగు, లేదంటే మన్రోవిల్‌లో ఎక్కడైనా అనుమతి తీసుకుని బండి ఆపి, అమ్మానాన్నల్ని క్యాబ్‌లో తీసుకెళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి క్యాబే నయం, గుడి దాకా దింపుతాడు.

ఆవకాయ్_ఆన్_వీల్స్:
గుడి అయితే మాట వేరు, టర్న్‌పైకే. అమ్మగారి దగ్గర ఐ-80 వాదన నిలవదు 😄

టోల్_ద్వేషి:
ఎందుకు నిలవదు? పిట్స్‌బర్గ్‌కి కూడా టోల్ లేకుండా వెళ్ళొచ్చు. ఐ-78, ఐ-81 పట్టుకుని హేగర్స్‌టౌన్ దాకా దిగి, అక్కడ ఐ-70, తర్వాత ఐ-68 మీద మేరీల్యాండ్ కొండల్లోంచి పోయి, ఐ-79 ఎక్కి పైకి రావడమే. న్యూజెర్సీ దాటే దగ్గర ఐ-78 బ్రిడ్జి టోల్ తప్ప పైసా లేదు. సీనరీ కూడా అదిరిపోతుంది, సైడ్‌లింగ్ హిల్ దగ్గర కొండని నిలువునా కోసి రోడ్డు వేశారు, రాతి పొరలు వంపు తిరిగి కనిపిస్తాయి.

సెమీ_సుబ్బన్న:
తమ్ముడూ, కారులో వెళ్ళి చెప్తున్నావా, ఆర్‌వీలోనా? ఐ-68 అంటే మన అరకు ఘాట్‌ని నాలుగు లేన్లు చేసి 65 మైళ్ళ స్పీడ్ బోర్డు పెట్టినట్టు ఉంటుంది. ఒక కొండ ఎక్కి దిగగానే ఇంకొకటి రెడీ. ఆరుగురు మనుషులు, నిండా నీళ్ళ ట్యాంకు, సామాన్లు, వండుకునే సరంజామా వేసుకున్న క్లాస్ సి ఎక్కేటప్పుడు 40కి పడిపోతుంది, అది ఫర్వాలేదు, ఫ్లాషర్లు వేసుకుని కుడి పక్కన పోవచ్చు. దిగేటప్పుడే అసలు సమస్య. కొత్తవాళ్ళు బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచేస్తారు, సగం దిగేసరికి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ మెత్తబడుతుంది. గోదారి బ్రదర్, నువ్వు ఏ రోడ్డు ఎక్కినా ఒకటి నేర్చుకో: గేర్ లివర్ మీద టో-హాల్ బటన్ ఉంటుంది, దిగుడు మొదలవ్వక ముందే నొక్కు. బండి దానంతట అదే గేర్ తగ్గిస్తుంది, ఇంజిన్ 4000 ఆర్‌పీఎం దాకా అరుస్తుంది, వెనకాల కూర్చున్న అమ్మగారు ఏమైందిరా అని కంగారు పడతారు. ఏమీ కాలేదు, ఆ అరుపే బండిని పట్టుకుంటోంది. స్పీడ్ మరీ పెరిగితే బ్రేకు ఒకసారి గట్టిగా వేసి తగ్గించి వదిలెయ్యి, ఆనించి ఉంచొద్దు.

మైలురాయి_మామ:
లెక్క కూడా చూడు టోల్_ద్వేషీ. ఆ బండి గ్యాలన్‌కి 8 మైళ్ళు ఇస్తే గొప్ప, కొండల్లో అదీ ఇవ్వదు. చుట్టు తిరిగే ప్రతి 40 మైళ్ళకి 5 గ్యాలన్లు. దానికి తోడు చాలా అద్దె బండ్లకి మైళ్ళ లెక్కన చార్జీ ఉంటుంది, రోజుకిన్ని ఫ్రీ, ఆపైన మైలుకింత. మిగిల్చిన టోల్ అక్కడే ఖర్చయిపోతుంది, ఒళ్ళు హూనం అదనం.

టోల్_ద్వేషి:
సరే, కొండల మాట ఒప్పుకున్నా. టోల్ మాట ఒప్పుకోను.

ఫ్రిస్కో_బావ:
మాది టెక్సాస్, మాకు ఐ-35, 130 టోల్ రోడ్డు మధ్య ఇదే గొడవ. ఆస్టిన్ ట్రాఫిక్‌లో ఆర్‌వీతో ఇరుక్కోవడం కన్నా 130 టోల్ కట్టడం వెయ్యి రెట్లు నయం, అక్కడ నేను నోరెత్తను. కాకపోతే దాని దక్షిణం ముక్కలో స్పీడ్ లిమిట్ 85, దేశంలో అంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు, అది చూసి ట్రైలర్ లాగేవాళ్ళు కూడా తొక్కేస్తుంటారు. ట్రైలర్ టైర్ల మీద ఎస్‌టీ అని ఉండే రకం చాలావరకు 65 మైళ్ళకి చేసినవి, పక్కన వేరే స్పీడ్ రేటింగ్ రాసి ఉంటే తప్ప. రోడ్డు ఒప్పుకున్నా టైరు ఒప్పుకోదు.

ఆష్‌బర్న్_అక్క:
టోల్ సంగతి పక్కన పెట్టి గ్యాస్ సిలిండర్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? వర్జీనియా వైపు నుంచి వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నా. బాల్టిమోర్‌లో ఐ-95, ఐ-895 సొరంగాల్లోకి మామూలుగా ఆర్‌వీలో ఉండే సైజు ప్రొపేన్ ట్యాంకుతో వెళ్ళనివ్వరు, సిలిండర్‌కి 10 పౌండ్లే పరిమితి. ఇదివరకు అలాంటి బండ్లన్నీ బాల్టిమోర్ రేవు మీది కీ బ్రిడ్జి మీదుగా పోయేవి, 2024 మార్చిలో ఓడ గుద్ది అది కూలిపోయాక ఐ-695 మీద పడమటి వైపు నుంచి తిరిగి రావాల్సిందే. మేం అసలు అటు పోనే పోం. లీస్‌బర్గ్ నుంచి యూఎస్ 15 రోడ్డు పట్టుకుని ఫ్రెడరిక్, గెటిస్‌బర్గ్ మీదుగా హారిస్‌బర్గ్, అక్కడ ఐ-81, ఐ-78. ఎడిసన్ చుట్టాలింటికి టోల్ లేకుండా, సొరంగం లేకుండా, 95 ట్రాఫిక్ లేకుండా.

ఎడిసన్_గోదారోడు:
అమ్మో, ప్రొపేన్ సంగతి నాకు తట్టనేలేదు అక్కా. టర్న్‌పైక్ మీద పడమటికి వెళ్తే బ్లూ మౌంటెన్, కిటటిన్నీ, టస్కరోరా, అలెగెనీ, నాలుగు సొరంగాలు తగులుతాయి. వాటి రూల్ ఏంటో వాళ్ళనే ఫోన్ చేసి అడుగుతాను, అద్దె ఆఫీసువాళ్ళ మాట నమ్మను. ఇంకో డౌట్, టోల్ ఆర్‌వీకి ఎలా లెక్కేస్తారు?

కొలంబస్_పిన్ని:
పెన్సిల్వేనియాలో ముందు బరువుని బట్టి ఉండేది, ఇప్పుడు యాక్సిల్స్ (చక్రాల ఇరుసులు), ఎత్తు చూస్తున్నారు. మా ఒహాయోలో కూడా యాక్సిల్స్‌తో పాటు ముందు రెండు యాక్సిల్స్ మీద బండి ఎత్తు ఏడున్నర అడుగులు దాటిందా లేదా అన్నదే లెక్క. నీది రెండు యాక్సిల్స్, ఎత్తు బండి. వెనకాల కారు లాగితే రెండు యాక్సిల్స్ కలుస్తాయి, నీకు అది లేదు కాబట్టి బతికిపోయావ్. ఒహాయోలో టర్న్‌పైకే ఎక్కు బాబూ, 241 మైళ్ళు బల్లపరుపు, కొన్ని ప్లాజాల్లో ఆర్‌వీలు రాత్రికి ఆగడానికి కరెంటు ప్లగ్‌తో సహా చోటు ఇస్తారు, కొద్దిగా డబ్బు కట్టాలి. ఇండియానా దగ్గరపడ్డాక ఇండియన్ మెడో ప్లాజాలో మేం పడుకున్నాం, లారీల చప్పుడు ఉంటుంది కానీ పిల్లలకి బాత్రూములు, పొద్దున్నే కాఫీ, భయం లేదు.

టోల్_ద్వేషి:
ఒహాయోలో కూడా టోల్ కట్టమంటారేంటి పిన్నీ. యంగ్స్‌టౌన్ దాటాక ఐ-76 మీద ఏక్రన్, తర్వాత ఐ-71 మీద మాన్స్‌ఫీల్డ్ దిగి, అక్కడ యూఎస్ 30 ఎక్కితే ఫోర్ట్ వేన్ దాకా నాలుగు లేన్లు, ఫ్రీ. నేను దాని మీదే తిరుగుతాను.

కొలంబస్_పిన్ని:
ఫోర్ట్ వేన్ దాకా బాగుంటుంది, కాదనను. ఆ తర్వాత వార్సా, ప్లిమత్, వాల్పరైజో, ఊరూరా సిగ్నల్. ప్రతి సిగ్నల్ దగ్గరా అంత బరువు ఆపడం, మళ్ళీ లాగడం, కప్‌బోర్డుల్లో గిన్నెలు ధడధడా ముందుకొచ్చి వెనక్కి పోవడం. ఇద్దరు ముసలివాళ్ళతో నాకొద్దు.

నేపర్‌విల్_నాని:
ఇటు చివర మాట నేను చెప్తా. ఇండియానా టోల్ రోడ్డు మీద నేరుగా పోతే షికాగో స్కైవే మీద తేలతారు, ఎనిమిది మైళ్ళు కూడా లేని ఆ ముక్కకి వాళ్ళ రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి, పైగా అది డౌన్‌టౌన్ దారి, మీకు పని లేదు. లేక్ స్టేషన్ దగ్గర ఎగ్జిట్ 21లో ఐ-80 టోల్ రోడ్డుని వదిలేసి ఐ-94తో కలుస్తుంది, మీరూ దానితో పాటే దిగండి. అక్కడి నుంచి ఐ-80, ఐ-55 మీద మా ఇంటికి టోల్ లేకుండానే వస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య మాత్రం ఆ ముక్కలోకి రావద్దు.

ఎడిసన్_గోదారోడు:
అయితే ఇలా అనుకుంటున్నా. వెళ్ళేటప్పుడు టర్న్‌పైక్, పిట్స్‌బర్గ్‌లో దర్శనం, ఒక రాత్రి అక్కడే క్యాంప్‌గ్రౌండ్, మర్నాడు ఒహాయో, ఇండియానా టోల్ రోడ్లు, నాని చెప్పిన ఎగ్జిట్ 21. వచ్చేటప్పుడు యంగ్స్‌టౌన్ తర్వాత ఐ-80 మీదే ఇంటికి. నా కారు ఈజీపాస్ (టోల్ దానంతటదే కట్టే ట్యాగ్) ఈ ఆర్‌వీలో పెట్టుకోవచ్చా?

మైలురాయి_మామ:
పెట్టుకోవచ్చు, ఇల్లినాయిస్ దాకా అదే పనిచేస్తుంది. ట్యాగ్ లేకుండా మాత్రం పోవద్దు, పెన్సిల్వేనియాలో ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపితే దాదాపు రెట్టింపు పడుతుంది. ఇక అద్దె బండి అయితే ఆ బిల్లు ముందు కంపెనీకి వెళ్తుంది, మా బావమరిదికి ఒక కంపెనీవాళ్ళు మూడు నెలల తర్వాత టోల్ కన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎక్కువ వేసి కార్డు మీద లాగేశారు, అడిగితే సంతకం పెట్టిన కాగితంలో ఉంది చూసుకోమన్నారు. బండి చేతికొచ్చిన రోజే ఆ ప్లేట్ నెంబరు నీ ఈజీపాస్ ఖాతాలో తేదీలతో సహా ఎక్కించు. తిరిగి అప్పజెప్పిన రోజే తీసెయ్యి, లేకపోతే తర్వాత అద్దెకి తీసుకున్నవాడి టోలు కూడా నువ్వే కడతావ్.